ఏడో గదిలో చేపలు

జిన్‌చాయ్ చేపలు చస్తేనే మిగతా వాళ్ళంతా బతుకుతారని రేవు షెడ్డులో తేల్చేశారు. తేల్చేటప్పుడు జిన్‌చాయ్ అక్కడే ఉంది. వెనక వరసలో, రబ్బరు బూట్లు తీయకుండా, చేతులు ఒళ్ళో దాచుకుని కూర్చుంది. మేత రుబ్బిన చేతులు ఎంత తోమినా వాసన పోవు. ఆమెను ఎవరూ అడగలేదు. అడిగినా కాదని ఉండేది కాదనుకోండి, అది వేరే సంగతి.

కొండ వెనక కట్టే ఫ్యాక్టరీకి ఓడలు ఆగే రేవు కావాలి. రేవుకి కాళ్ళు కావాలి. అందుకని ఇద్దరు మనుషులు చేతులు కలిపి కావలించుకున్నా అందనంత లావు ఉక్కు గొట్టాల్ని, బల్లపరుపు పంటు మీంచి పెద్ద సుత్తితో సముద్రం అడుక్కి దిగ్గొడతారు. ఈ అఖాతంలో తెప్పలకి వలలు కట్టి పెంచేదేమో పసుపు చేప. దాని తలలో రెండు తెల్లటి రాళ్ళుంటాయి. పెద్ద చప్పుడుకి ఆ రాళ్ళు అదిరి చేప చస్తుంది. అందుకే పెళ్ళికైనా చావుకైనా తెప్పల మీద టపాకాయ కాల్చరు. ఈ సంగతి ఇక్కడ పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. కంపెనీ వాళ్ళకి మాత్రం కాగితం మీద తెలియాలట.

అందుకని పరీక్ష పెట్టారు. పంటుకి అందరికన్నా దగ్గరగా ఉన్నది జిన్‌చాయ్ తెప్ప. పలకలతో కట్టిన ఆ తెప్పకి పన్నెండు గదులు. గది అంటే నాలుగు పలకల మధ్య నీళ్ళలోకి వేలాడే వల. వాటిలో ఏడో గదికి ఎర్ర తాడు చుట్టి ముద్ర వేస్తారు. అందులో మూడేళ్ళ చేపలు పధ్నాలుగువందలున్నాయి. మూడు రోజులు సుత్తి కొడతారు. రోజూ సాయంత్రం అయిదింటికి ఆ గదిలో చచ్చినవాటిని లెక్కపెడతారు. మూడో వంతుకి మించి చస్తే, కొత్త సంవత్సరం వెళ్ళి చేపలన్నీ అమ్ముడయ్యేదాకా పని ఆపుతారు. చావకపోతే ఆపరు.

"ఇంతే అన్నా? ఇంకేం రాశారు?" అని ఎవరో అడిగారు.

తెప్పల సంఘం పెద్ద యోంగ్‌ఫు చేతిలో నాలుగు పేజీల కాగితం ఉంది. మొదటి పేజీ చదివి కళ్ళజోడు తీసేశాడు. "మిగతాదంతా అంకెలూ, ముద్రలూ. గోడకి అంటిస్తాను. చదువుకునే ఓపిక ఉన్నవాళ్ళు చదువుకోండి," అన్నాడు. ఆ ఓపిక ఎవరికుంది? రెండువందల తెప్పలకీ సాయంత్రం మేత వేళ దాటిపోతోంది.

మెట్లు దిగుతుంటే పక్క తెప్ప సూయింగ్ వచ్చి జిన్‌చాయ్ చెయ్యి పట్టుకుంది.

"వదినా, నీ చేపలు నిలువునా చావాలని సముద్రాన్ని కాచే మాజు తల్లికి అగరొత్తులు వెలిగించి వస్తున్నా. తప్పుగా అనుకోకు."

"ఎన్ని వెలిగించావు?"

"మూడు."

"పిసినారిదానా! పధ్నాలుగువందల ప్రాణాలకి మూడేనా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వయ్యాక సూయింగ్ చెయ్యి వదల్లేదు.

తెప్ప చేరేసరికి మావగారు ముసలి జియాంగ్ పలక మీద గొంతుక్కూచుని వల గుడ్డకి పట్టిన గుల్లల్ని చెక్కతో కొడుతున్నాడు. ఎనభై దాటిన మనిషి. నడుం వంగిందిగానీ జానెడు పలక మీద ఇప్పటికీ కళ్ళు మూసుకుని నడుస్తాడు. చెవులు మాత్రం ఎప్పుడో పోయాయి. జిన్‌చాయ్ ఆయన చెవి దగ్గర నోరు పెట్టి షెడ్డులో జరిగిందంతా అరిచి చెప్పింది. వింటున్నంతసేపూ ఆయన చేతిలో చెక్క ఆగలేదు.

"ఏ గది?"

"ఏడోది, మావయ్యా."

"ఎప్పుడు కొడతారు?"

"ఇవాళ్టికి నాలుగో రోజు నుంచి."

ముసలాయన చెక్క పక్కన పెట్టాడు. లేచి ఏడో గది దగ్గరికి వెళ్ళి నీళ్ళలోకి చూశాడు. పైన నల్ల గుడ్డ నీడ. కింద చేపలు ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా తిరుగుతున్నాయి. చాలాసేపు చూసి వెనక్కి వచ్చి, "రేపట్నుంచి ఏడు నుంచి పన్నెండు దాకా నేను వేస్తా మేత. నీకు నడుం నొప్పి," అన్నాడు.

జిన్‌చాయ్‌కి నిజంగానే నడుం నొప్పి. మావయ్యకి తన మీద ఇంత దయ ఉందా అని కళ్ళు చెమర్చినంత పనయింది.

*

నాలుగో రోజు పొద్దున్న సరిగ్గా ఎనిమిదింటికి మొదటి దెబ్బ పడింది.

అది చెవికి పెద్ద చప్పుడేం కాదు. దూరాన ఎవరో బరువైన తలుపు మూసినట్టుంది, అంతే. కానీ పాదాల కింద పలక కొట్టుకుంది. పొయ్యి మీద గంజి గిన్నెలో గంజి వణికింది. తెప్పకి కాపలా ఉండే కుక్క మొరగలేదు. తోక కాళ్ళ మధ్య పెట్టుకుని తెప్ప మీది గుడిసెలోకి వెళ్ళి మంచం కింద దూరింది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేంత నింపాదిగా దెబ్బలు పడుతున్నాయి. రెండు దెబ్బల మధ్య సముద్రం మామూలుగానే ఉంటోంది. జిన్‌చాయ్‌కి అదే భయమేసింది. దెబ్బ కంటే, దెబ్బ కోసం ఎదురుచూడ్డం.

కంపెనీ తరఫున వచ్చిన ఇంజనీరు పేరు తాంగ్. పాతికేళ్ళ పిల్ల. సముద్రం లేని ఊరి నుంచి వచ్చింది. నారింజ రంగు జాకెట్టు తొడుక్కుని, పలక మీద చేతులు చాచుకుంటూ తాడు మీద గారడీ పిల్లలా నడుస్తోంది. మొదటి గంటలోనే రెండుసార్లు వాంతి చేసుకుంది. జిన్‌చాయ్ అల్లం ముక్క ఇస్తే బుగ్గన పెట్టుకుని, "అక్కా, మీరు దీని మీదే పడుకుంటారా?" అంది.

"పడుకోవడమేంటి, నన్ను నీళ్ళ మీదే కన్నారు. నేల మీద పడుకుంటే నాకు తల తిరుగుతుంది."

సాయంత్రం అయిదింటికి యోంగ్‌ఫు పడవ వచ్చింది. వెనకాలే ఇరవై ముప్ఫై పడవలు వచ్చి తెప్ప చుట్టూ ఆగాయి. అందరూ మెడలు సాచి చూస్తున్నారు. జిన్‌చాయ్ పొడుగు కర్ర వలతో ఏడో గదిలో తేలినవాటిని ఎత్తింది.

మూడు. ముచ్చటగా మూడే మూడు చేపలు.

ఇంజనీరు రాసుకుంది. పడవల్లోంచి ఎవరో మగ గొంతు, "ఏం వదినా, నీ చేపలకి కూడా మీ మావయ్యకిలాగే చెవుడా?" అంది. కొందరు నవ్వారు. సూయింగ్ నవ్వలేదు.

"నా తెప్పలో నలభై తేలాయి. నాది నీకన్నా వెనక ఉంది," అంది సూయింగ్ పడవలోంచి. "ఇదేం విడ్డూరం?"

"నా ఒకటో గదిలో అరవై పోయాయి. రెండో దాంట్లో ఇంకా ఎక్కువ," అంది జిన్‌చాయ్ ఇంజనీరు వైపు తిరిగి. "అవి రాయండమ్మా."

ఇంజనీరు తల అడ్డంగా ఊపింది. "ముద్ర వేసిన గది ఒక్కటే అక్కా. మిగతావి నేను చూసినట్టు కాదు."

కళ్ళ ముందు అరవై చేపలు పొట్టలు పైకి పెట్టి తేలుతుంటే చూసినట్టు కాదట. జిన్‌చాయ్‌కి ఒళ్ళు మండింది. ఆ మంట ఆ పిల్ల మీద చూపించి ఏం లాభం? ఆ పిల్ల చేతిలో ఉన్నది కలమేగానీ పగ్గాలు కావు.

రెండో రోజు అంతకన్నా దరిద్రంగా గడిచింది. ఎండ లేదు, గాలి లేదు. కొండల మీద టీ తోటలు కూడా కనపడకుండా బూడిదరంగు మబ్బు కిందికి దిగింది. దెబ్బలు పడుతూనే ఉన్నాయి. జిన్‌చాయ్ తన ఆరు గదుల్లోంచీ పొద్దుటి నుంచి చచ్చిన చేపలు ఎత్తుతూనే ఉంది. బతికినవి కూడా పక్కకి ఒరిగి, ఒక కన్ను ఆకాశం వైపు పెట్టి, వలకి గుద్దుకుంటున్నాయి. పెంచిన చేతికి అది చూడ్డం కష్టం. అయినా అయిదయ్యేసరికి ఏడో గదిలో తేలినవి రెండు.

మొత్తం అయిదు. ఈసారి పడవల్లోంచి ఎవరూ ఎగతాళి కూడా చెయ్యలేదు. ఒక్కొక్కళ్ళే ఇంజను తిప్పుకుని వెళ్ళిపోయారు. యోంగ్‌ఫు మాత్రం, "రేపొక్కరోజే ఉంది జిన్‌చాయ్," అన్నాడు, అదేదో ఆవిడ చేసిన నేరం అయినట్టు.

*

భర్త కాయ్‌మింగ్ దీపాలు పెట్టే వేళకి వచ్చాడు. పంటు మీద పనివాళ్ళని ఒడ్డు నుంచి చేరవేసే పడవ నడుపుతున్నాడు పది రోజులుగా. ఇదొక సిగ్గు ఆయనకి. ఉప్పులో ఊరేసిన గుల్లలు నంజుకుంటూ గంజి తాగుతూ తలెత్తలేదు.

"పంటు మీద వాళ్ళు నవ్వుతున్నారే. మీ చేపలు మా సుత్తికి అలవాటు పడ్డాయి, వచ్చే ఏడాదికి తాళం వేస్తాయి అంటున్నారు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటా? పడవ నడిపా." గిన్నె కింద పెట్టాడు. "ఎందుకు చావట్లేదే అవి?"

జిన్‌చాయ్ గిన్నె తీసి కడిగింది. మధ్యాహ్నం నుంచి ఆమెకి ఒకటే ఆలోచన. ఒకటి నుంచి ఆరు దాకా తన గదులు, అన్నిట్లోనూ చచ్చాయి. ఏడు నుంచి పన్నెండు దాకా మావయ్య గదులు, ఒక్కదాంట్లోనూ పట్టుమని పది చావలేదు. చప్పుడుకి తన గదీ మావయ్య గదీ అని తేడా తెలుస్తుందా? పైగా పంటుకి దగ్గరగా ఉన్నవి మావయ్యవే.

లేచి మేత పెట్టె మూత తీసింది. గడ్డకట్టిన చిన్న చేపల దిమ్మలు రోజుకి ఎనిమిది ఖర్చవుతాయి. పెట్టె ఈపాటికి అడుగంటాలి. సగానికి పైగా నిండి ఉంది.

ఏడో గది దగ్గరికి వెళ్ళి వంగి, చిన్న వలతో ఒక చేపని పైకి తీసింది. తడి చేత్తో పట్టుకుని పొట్ట కింద బొటనవేలుతో నొక్కింది. పొట్ట వేలికి అతుక్కుంది. లోపల ఏమీ లేదు. రోజుల తరబడి ఏమీ లేదు. చేపని నీళ్ళలోకి వదిలి అక్కడే చతికిలబడింది.

చేపల్ని ఒకచోట నుంచి ఇంకో చోటికి తరలించే ముందు, తుఫాను వచ్చే ముందు, మూడు రోజులు మేత ఆపుతారు. కడుపు నిండా తిన్న చేప అదురుకి తట్టుకోలేదు, తిన్నది లోపలే కుళ్ళి చస్తుంది. ఖాళీ కడుపు చేప ఎంత దెబ్బకైనా నిలబడుతుంది. ఈ పనిలో ఉన్నవాళ్ళకి ఇది అ ఆల్లాంటిది. మరి ఇన్నాళ్ళూ తనకి తట్టలేదేం? తన నడుం మీద ఆయనకి దయ అనుకుంది కదా, అందుకు.

గుడిసెలోకి వెళ్ళి తలుపు వేసింది. నీళ్ళ మీద మాట రెండు తెప్పల అవతలికి పోతుంది. ముసలాయన మంచం మీద కూర్చుని కాళ్ళకి నూనె రాసుకుంటున్నాడు.

"ఎన్ని రోజులైంది మేత ఆపి?"

ఆయన వినపడనట్టు చూశాడు. ఆవిడ చెవి దగ్గరికి వంగింది.

"ఎన్ని రోజులు?"

"షెడ్డు నుంచి వచ్చావు చూడు, ఆ మర్నాటి నుంచి."

"ఎందుకు చేశావు మావయ్యా ఇలా? అందరూ నా మొహాన ఉమ్మేస్తారు!"

"వానొస్తుంటే గొడుగు వేసుకోమా?" అన్నాడాయన. ఆ మాటలో గర్వం కూడా ఉంది. "చూశావుగా. అంత మోతలోనూ నావి నిలబడ్డాయి. ఎవడు నిలబెట్టగలడు అలా?"

"అవి నిలబడితే మనం పడిపోతాం! చావాలని కదా పరీక్ష!"

ముసలాయన నూనె సీసా మూత పెట్టాడు. పెట్టి, చేతులు మోకాళ్ళకి తుడుచుకున్నాడు.

"నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు ముప్ఫై పడవలు గుండ్రంగా నిలబెట్టి, ప్రతి పడవలోనూ చెక్కల మీద కర్రల్తో కొట్టేవాళ్ళం. నాది మూడో పడవ. పొద్దున్నించి సాయంత్రం దాకా కొట్టేవాణ్ణి. నడి సముద్రంలో చేపలు తేలేవి. ముందు పిల్లలు. వేలెడంతవి. తెల్లగా, అన్నం ఒలికినట్టు. వాటిని ఎవరూ ఎత్తరు, దేనికీ పనికిరావు. వాటి మీద నుంచే తెడ్డు వేసుకుంటూ పోయేవాళ్ళం. తర్వాత పెద్దవి, బంగారంలాగా. నాలుగేళ్ళు కొట్టాం. అయిదో ఏడు సముద్రంలో ఏమీ లేదు." చెవి మీద తట్టుకున్నాడు. "ఇవి అక్కడే పోయాయి. అప్పుడూ ఇదే అన్నారు, చేపలు చస్తేనే ఊరు బతుకుతుందని. ఊరు ఎప్పుడూ అదే అంటుంది. ఇంక నా చేత చంపించకండి."

జిన్‌చాయ్‌కి కోపం, జాలి రెండూ ఒకేసారి వచ్చాయి. ఆయన చెప్పింది తప్పని అనలేదు. కానీ రేపు అయిదింటికి ఆ చేపలు బతికే ఉంటే, కొత్త సంవత్సరం దాకా రోజూ ఎనిమిదింటికి ఆ తలుపు మూసుకుంటూనే ఉంటుంది. సూయింగ్ తెప్పలో, యోంగ్‌ఫు తెప్పలో, అందరి తెప్పల్లోనూ చేపలు తేలుతూనే ఉంటాయి. ఎవరి ఇంట్లోనూ మూడు రోజుల ముందే మేత ఆపిన ముసలాయన లేడు. ఉన్నా ఎన్నాళ్ళని ఆపుతాడు? ఎప్పుడూ తినకుండా పెరిగే చేప ఉందా?

ఆయన దుప్పటి కప్పుకుని గోడ వైపు తిరిగాడు. జిన్‌చాయ్ బయటికొచ్చింది.

"ఏంటే గొడవ?" అన్నాడు కాయ్‌మింగ్.

"ఏం లేదు. నూనె అయిపోయిందంట," అంది.

*

తెల్లవారగానే లేచింది. నీళ్ళు అప్పుడే పాలిపోతున్నాయి. దిమ్మల్ని మిషనులో వేసి రుబ్బింది, మేత పొడి కలిపింది, పిండి ముద్దలా అయ్యేదాకా మోచేతుల వరకూ ముంచి పిసికింది. ఇది రోజూ చేసే పనే. చేపకి మేత వెయ్యడం మోసం ఎలా అవుతుంది? వెయ్యకపోవడమే మోసం. మామూలు రోజున మామూలు చేప ఎలా ఉంటుందో అలా ఉంచుతున్నానంతే, అని చెప్పుకుంది. ఒక గదికి రెండు బకెట్లు వేస్తారు. ఆవిడ నాలుగు బకెట్లు కలిపింది. ఆ మిగతా రెండింటి గురించి ఏమీ చెప్పుకోలేదు.

ఏడో గది పలక మీద మోకాళ్ళు ఆనించి మొదటి గుప్పెడు వేసింది. నీళ్ళు కదల్లేదు. రెండో గుప్పెడు వేసింది. ఒక్కసారిగా అడుగు నుంచి పసుపు రంగు లేచింది. మామూలుగా ఈ చేపలు మర్యాదగా తింటాయి, పైకొచ్చి నోరు తెరిచి మెల్లగా లోపలికి లాక్కుంటాయి. ఇవాళ ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. నీళ్ళు ఉడుకుతున్నట్టు అయింది. గొంతుల్లోంచి కప్పల్లా బెకబెకమంటూ, ఆమె వేళ్ళకి తగులుతూ, చేతిలోంచే లాక్కున్నాయి. పిల్లలప్పుడు అగ్గిపుల్లంత ఉండగా కొన్నవి. మూడు తుఫానులు దాటించింది వాటిని. ఆమె చెయ్యి ఆగలేదు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుంటే భుజానికి తుడుచుకుంటూ నాలుగు బకెట్లూ వేసింది. ఖాళీ బకెట్లు కడిగి బోర్లించేసరికి నీళ్ళ మీద పల్చగా నూనె తేలుతోంది.

ఎనిమిదింటికి మొదటి దెబ్బ పడింది.

పదింటికి గుండ్రంగా తిరిగే వరస చెదిరింది. ఒక చేప నిటారుగా పైకొచ్చి, నోరు నీళ్ళ బయట పెట్టి, నిలబడింది. దాని పక్కన ఇంకొకటి. తర్వాత దెబ్బకొకటి చొప్పున పక్కకి ఒరిగాయి. మధ్యాహ్నానికి గది నిండా తెల్లటి పొట్టలు. కింద నుంచి ఇంకా వస్తూనే ఉన్నాయి. పైన చోటు లేక, చచ్చినవి చచ్చినవాటి కింద ఆగుతున్నాయి. ఇంజనీరు పిల్ల కాసేపు చూసి మొహం తిప్పుకుంది. ఇవాళ వాంతి సముద్రం వల్ల కాదు.

పడవలు మూడింటికే వచ్చేశాయి. ఎవరూ పిలవలేదు, ఎలా తెలిసిందో మరి. మనుషులు లేచి నిలబడ్డారు. లెక్క పూర్తయ్యేసరికి చీకటి పడబోతోంది. పదకొండువందల అరవై.

అప్పుడు ఒక ముసలమ్మ ఏడ్చింది. తర్వాత అందరూ అరిచారు. తెప్పల మీద గట్టిగా అరవకూడదని కూడా మర్చిపోయి అరిచారు. సూయింగ్ పడవలోంచి పలక మీదకి దూకి జిన్‌చాయ్‌ని వాటేసుకుంది. "వదినా, చచ్చి మా ఇళ్ళు నిలబెట్టాయే నీ బంగారు తల్లులు!" అంది. ఎర్ర బియ్యపు సారా వచ్చింది, చిలగడదుంప సేమ్యా వచ్చింది, ఉడికించిన గుడ్లు వచ్చాయి. యోంగ్‌ఫు స్వయంగా గిన్నెలో సారా పోసి రెండు చేతులా ఇచ్చాడు. జిన్‌చాయ్ తాగింది. చేతికి మేత వాసన కొడుతోంది, సారాకీ అదే వాసన వచ్చింది.

ముసలాయన గుడిసెలోంచి బయటికి రాలేదు. ఆవిడ గుడ్డు ఒలిచి తీసుకెళ్ళి పెడితే, పక్కన పెట్టమన్నట్టు చెయ్యి ఊపాడు.

*

రెండు రోజుల తర్వాత మళ్ళీ షెడ్డులో కూర్చున్నారు. ఈసారి జనం మెట్ల దాకా ఉన్నారు. జిన్‌చాయ్‌ని ముందు వరసలో కూర్చోబెట్టారు. పక్కన కాయ్‌మింగ్ చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వచ్చాడు. యోంగ్‌ఫు కనపడలేదు. ఒంట్లో బాగాలేదట. కంపెనీ తరఫున ఇంజనీరు తాంగ్ చదవడానికి లేచింది. తల ఎత్తకుండా చదివింది.

పరీక్షలో ఏడో గదిలో చేపలు మూడో వంతుకి మించి చనిపోయాయి. కాబట్టి నాలుగో పేజీలోని నిబంధన ప్రకారం, రేవు కట్టడం పూర్తయ్యేవరకూ అఖాతంలో ఈ భాగం చేపల పెంపకానికి పనికిరాని నీరుగా తేలింది. తెప్పలన్నీ పది రోజుల్లో తొలగించాలి.

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు.

"తొలగించడమేంటి? సుత్తి కదా ఆపాలి?" అన్నాడు ఎవరో వెనక నుంచి.

"ఆ మాట కాగితంలో లేదు," అంది ఇంజనీరు. "మీ సంఘం పెద్ద మీకు అలా చెప్పారా?"

అప్పుడు గుర్తొచ్చింది ఒకడికి. "యోంగ్‌ఫు తెప్ప పొద్దున్న నుంచి లేదు! లోపలి వాగు మొగలోకి లాక్కుపోతుంటే చూశాను. మరమ్మతుకేమో అనుకున్నా!" అన్నాడు. ఇంక అక్కడ ఎవరి మాట ఎవరికి వినపడిందని? బల్లలు పడ్డాయి. గోడ మీద కాగితాన్ని చింపడానికి వెళ్ళినవాళ్ళు, ఇన్నాళ్ళూ చదవని నాలుగో పేజీని ఇప్పుడు నిలబడి చదువుతున్నారు.

జిన్‌చాయ్ లేచి నిలబడింది. కాయ్‌మింగ్ చొక్కా చెయ్యి పట్టి లాగాడు. విడిపించుకుంది.

"వాటిని చంపింది మోత ఒక్కటే కాదు," అంది. "కడుపు మాడుతున్న చేపలకి నాలుగు బకెట్ల మేత వేశాను. నేను వేశాను. వెయ్యకముందు రెండు రోజులూ బతికే ఉన్నాయిగా? ఈ నీళ్ళు పనికొస్తాయి. పరీక్ష చెల్లదని రాయండి."

ముందు వరసల్లో ఉన్నవాళ్ళకి వినపడింది. సూయింగ్‌కి వినపడింది. ఆమె మొహంలోకి చూడ్డానికి జిన్‌చాయ్‌కి ధైర్యం చాల్లేదు, ఇంజనీరు మొహంలోకే చూసింది.

తాంగ్ ఆమెను చెయ్యి పట్టుకుని షెడ్డు పక్కకి తీసుకెళ్ళింది. "ఆ రోజు నీళ్ళ మీద నూనె చూశాను అక్కా. చాలా ఉంది. చూసి కూడా రాయలేదు. మీ అందరికీ మంచి జరుగుతుందనుకున్నాను. నేనూ నాలుగో పేజీ వాళ్ళు పంపాకే చదివాను."

"ఇప్పుడు రాయి."

"కాగితం వెళ్ళిపోయింది. రెండో పరీక్ష లేదు. చెల్లదని రాసినా సుత్తి ఎలాగూ ఆగదు, అంతే."

ఆ పిల్ల ఏడుస్తోంది. జిన్‌చాయ్‌కి ఏడుపు రాలేదు. ఆమె రేవు మెట్లు దిగుతుంటే జనం దారి ఇచ్చారు. మొన్న దండలా చుట్టుకున్న జనమే. ఎవరూ తిట్టలేదు. సూయింగ్ పడవ తాడు విప్పుతూ తల వంచుకుని ఉంది. "సూయింగ్," అని జిన్‌చాయ్ పిలిస్తే, విప్పిన తాడునే మళ్ళీ విప్పుతోంది. కాయ్‌మింగ్ ఆమెను తెప్ప దగ్గర దింపి, పని ఉందని వెళ్ళిపోయాడు.

ముసలాయన పలక మీద కూర్చుని ఏడో గది ఖాళీ వలని పైకి లాగి ఆరబెడుతున్నాడు. మిగిలిన చేపల్ని ఎనిమిదో గదిలోకి మార్చినట్టున్నాడు. జిన్‌చాయ్ పక్కన కూర్చుని ఆయన చెవిలో అంతా అరిచి చెప్పింది. నాలుగో పేజీ సంగతి, యోంగ్‌ఫు సంగతి, పది రోజుల సంగతి. చివరికి మేత సంగతి. చెప్పేసరికి గొంతు పోయింది.

ఆయన వల ముడి విప్పుతూనే ఉన్నాడు.

"మేత సంగతి తెలుసు. తలుపు సందులోంచి చూశా," అన్నాడు.

జిన్‌చాయ్ ఆయన వైపు తిరిగింది. "చూశావా? చూసి ఊరుకున్నావా? ఆ రోజు నా చెయ్యి పట్టుకుని ఉంటే, మావయ్యా, ఈ నీళ్ళు మనకి మిగిలేవి కదా! మోతైతే ఉండేది, కానీ మనం ఉండేవాళ్ళం కదా!"

"పట్టుకుందామనే లేచాను. తలుపు మీద చెయ్యి వేశాను కూడా." ముడి విడిపోయింది. ఆయన ఆ తాడుని అరచేతిలోనే ఉంచుకున్నాడు. "అవి తింటున్నాయి. అయిదు రోజులు కడుపు మాడ్చింది నేనే కదమ్మా. ఇంకొక్క పూట మాడండి అని చెప్పడానికి మనసొప్పలేదు."

అవతల పంటు మీద మనుషులు గొట్టం చుట్టూ తిరుగుతున్నారు. ముసలాయన కోడలి వైపు వంగి, తన చెవి ఆమె నోటి దగ్గర పెట్టాడు.

"కడుపు నిండిందా వాటికి?"

ఆయన చెవి అలాగే పెట్టి ఉంచాడు.

"నిండింది, మావయ్యా!" అని జిన్‌చాయ్ అరిచింది. పక్క తెప్ప మీద సూయింగ్ పని ఆపి ఇటు తిరిగి చూసింది.